మైగ్రేన్: ఎవరి ప్రేరకాలు వారివి

మాఘ బహుళ చతుర్దశి నాడు, అంటే మహాశివరాత్రికి, కీసరగుట్ట మీది రామలింగేశ్వరస్వామి దర్శనానికి హైదరాబాదు ఉత్తర శివార్ల నుంచీ చుట్టుపక్కల పల్లెల నుంచీ తరలివచ్చే భక్తులు ఆ ఒక్క రోజులో చేసే పనులను వరుసగా చూస్తే, మైగ్రేన్‌ను రేపేవిగా వైద్యులు చెప్పే కారణాల్లో చాలా భాగం వాటిలోనే కనిపిస్తాయి. తెల్లవారుజామున లేచి తలకు పోసుకోవడం, తడి ఆరని జుట్టు ముడేసుకుని బయలుదేరడం, పొద్దంతా ఉపవాసం ఉండడం, రోజూ తాగే చాయ్ ఆ రోజు మానేయడం, క్యూలో గంటల తరబడి నిలబడడం, గుట్ట మీద ఆరుబయట బండల నడుమ ఉన్న శివలింగాలకు అభిషేకం చేస్తూ ఎండలో తిరగడం, కర్పూరం, అగరుబత్తుల పొగ, మైకుల హోరు, వీటన్నిటి మీద రాత్రంతా జాగారం. ఇవన్నీ కలిసినా గుట్ట ఎక్కినవారిలో ఎక్కువమందికి ఏమీ కాదు. మైగ్రేన్ ఉన్నవారిలోనైనా ఒకరికి ఆ రాత్రే నొప్పి మొదలవుతుంది, మరొకరికి మర్నాడు పడుకుని లేచాక వస్తుంది, ఇంకొకరికి నిరుడు వచ్చి ఈ ఏడు రాదు. ఈ తేడాకు కారణం ఏమిటో, ఎవరికి వారు తమ తలనొప్పిని రేపుతున్నది ఏదో ఎలా కనిపెట్టాలో, కనిపెట్టిన తరువాత దేన్ని మానుకోవాలో, దేన్ని మానుకోనక్కరలేదో ఈ అధ్యాయం వివరిస్తుంది.

పార్శ్వపు నొప్పి, ఒంటి తలనొప్పి అని తెలుగువారు పిలుచుకునే మైగ్రేన్, ఆయుర్వేద గ్రంథాల్లో అర్ధావభేదకం అన్న పేరుతో కనిపించేటంత పాతది. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో ప్రచురించిన వర్గీకరణ ప్రకారం, మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి డెబ్బై రెండు గంటల దాకా ఉండే తలనొప్పి కనీసం అయిదు సార్లు వచ్చి ఉండాలి. అది తలకు ఒకవైపున రావడం, నాడి కొట్టుకున్నట్టు పోటెత్తడం, ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఉండడం, మెట్లెక్కడం వంటి మామూలు కదలికలతో పెరగడం అనే నాలుగు లక్షణాల్లో రెండైనా ఉండాలి. దానితోపాటు వికారం లేదా వాంతులైనా, వెలుతురునూ చప్పుడునూ భరించలేకపోవడమైనా ఉండాలి. నొప్పి రెండువైపులా వచ్చినంత మాత్రాన అది మైగ్రేన్ కాదనుకోవడం పొరపాటు. కొందరిలో నొప్పికి ముందు కళ్లెదుట మెరిసే వంకరటింకర గీతలో, చూపులో మసక మచ్చలో అయిదు నిమిషాల నుంచి గంటసేపు కనిపిస్తాయి. దీన్ని ఆరా అంటారు. మెదడు పైపొరలో విద్యుత్ చర్య ఒక అలలా వ్యాపించి, ఆ అల సాగిన మేర నాడీకణాలు కాసేపు స్తబ్ధమవుతాయని బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లియావో 1944లో కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో గమనించాడు. ఆరాకు మూలం ఈ అలేనని ఇప్పుడు శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. నొప్పి విషయానికి వస్తే, ముఖానికీ తలకూ స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై, మెదడు పొరల్లోని రక్తనాళాలను వ్యాకోచింపజేసి, నొప్పి సంకేతాలను పెంచుతుంది. ఈ సంగతిని వెలికితీసి కొత్త మందులకు దారి చూపిన నలుగురు శాస్త్రజ్ఞులకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది.

ఇది అరుదైన జబ్బు కాదు. బెంగళూరు నగరంలోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న రెండు వేల మూడు వందల పైచిలుకు మందిని ఇంటింటికీ తిరిగి ప్రశ్నించిన అధ్యయనంలో, ఒక ఏడాది కాలంలో మైగ్రేన్‌కు గురైనవారు దాదాపు నాలుగో వంతు ఉన్నట్టు తేలింది. మగవారి కంటే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. అయినా ఇంట్లో ఒక మనిషి తలకు గుడ్డ కట్టుకుని చీకటి గదిలో పడుకుంటే, పని తప్పించుకోవడానికి వేసిన వేషమని అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మైగ్రేన్ నాడీవ్యవస్థకు సంబంధించిన జబ్బు, చాలావరకు పుట్టుకతో వచ్చే స్వభావం. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మాట ఇంటిల్లిపాదికీ తెలియడం మందుతో సమానమైన మేలు చేస్తుంది.

ప్రేరకం అంటే ఏమిటి, ఏది కాదు

ప్రేరకం అంటే జబ్బుకు మూలకారణం కాదు. ఆ స్వభావం అప్పటికే ఉన్న మెదడులో ఒక విడత నొప్పిని రేపే పరిస్థితి. శామీర్‌పేట చెరువు అలుగు పారిన రోజున ఆఖరుగా కురిసిన వానను మాత్రమే లెక్కలోకి తీసుకోవడం ఎంత తప్పో, తలనొప్పి వచ్చిన రోజున ఆఖరుగా తిన్న పదార్థాన్ని మాత్రమే దోషిగా నిలబెట్టడం అంతే తప్పు. నిద్ర చాలని రెండు రాత్రులు, నెలసరి దగ్గరపడడం, ఆలస్యమైన భోజనం, ఎండ అనే నాలుగూ విడివిడిగా ఏమీ చేయకపోవచ్చు, కలిసివస్తే మాత్రం మెదడు ఓర్చుకోగల హద్దు దాటుతుంది. ఆ హద్దు కూడా ఒక్కచోట ఉండదు. ఒంట్లో హార్మోన్లను బట్టీ, మనసు మీది భారాన్ని బట్టీ రోజురోజుకూ మారుతుంది. ఒకే పని ఒకసారి నొప్పి తెచ్చి, మరోసారి తేకపోవడంలోని రహస్యం ఇదే.

ఇంతకంటే సూక్ష్మమైన పొరపాటు ఒకటుంది, చాలామంది దానిలోనే చిక్కుకుంటారు. మైగ్రేన్ నొప్పితో మొదలు కాదు. నొప్పికి కొన్ని గంటల ముందు నుంచి, కొందరిలో ఒకటి రెండు రోజుల ముందు నుంచీ పూర్వదశ ఒకటి నడుస్తుంది. ఆవలింతలు, మెడ పట్టేయడం, ఊరికే చిరాకు, మాటిమాటికీ మూత్రం రావడం, తీపి తినాలనిపించడం, వెలుతురూ వాసనా ఎప్పటికంటే ఘాటుగా తోచడం దాని గుర్తులు. ఆకలినీ నిద్రనూ అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగం ఈ దశలో చురుకెక్కుతుందని మెదడు చిత్రాలు తీసిన పరిశోధకులు చూపించారు. ఈ దశలో ఉన్న మనిషి తీపి మీదికి మనసు పోయి ఒక చాక్లెట్టో మిఠాయో తిని, రెండు గంటలకు నొప్పి రాగానే ఆ తీపినే తప్పుపడతాడు. నిజానికి అప్పటికే మొదలైన మైగ్రేనే ఆ తీపిని తినిపించి ఉండవచ్చు. వెలుతురు కళ్లలో పొడిచిందనీ, మెడ పట్టేసిందనీ, అందుకే నొప్పి వచ్చిందనీ చెప్పేవారి విషయంలోనూ ఈ అనుమానాన్ని పక్కన పెట్టకూడదు.

ఈ అనుమానానికి బలమైన ఆధారమే ఉంది. వెలుగు జిగేలుమన్నా, కష్టపడి వ్యాయామం చేసినా తమకు ఆరాతో కూడిన మైగ్రేన్ వస్తుందని గట్టిగా నమ్మిన 27 మందిని డెన్మార్క్ పరిశోధకులు సరిగ్గా ఆ పరిస్థితులకే గురిచేసి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఆరాతో కూడిన నొప్పి వచ్చినవారు ముగ్గురే. మరో ముగ్గురికి ఆరా లేని మైగ్రేన్ వచ్చింది. మిగిలినవారికి రెండూ రాలేదు. రోగుల మాట అబద్ధమని దీని అర్థం కాదు. అనుభవం నుంచి తీసుకున్న నిర్ధారణకు లెక్క తోడుకాకపోతే అది దారి తప్పుతుందని మాత్రమే అర్థం.

మన ప్రాంతపు ప్రేరకాలు

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో కనిపించే జాబితాలు పాత జున్ను, ఎర్ర వైన్ వంటివాటితో మొదలవుతాయి. కీసరలో, ఘట్‌కేసర్‌లో, మేడ్చల్‌లో నివసించేవారిలో ఎక్కువమందికి వాటితో నిమిత్తం లేదు. వారు ముందుగా పరిశీలించవలసినవి వేరు. తలస్నానమే తీసుకుందాం. ముంబయికి చెందిన తలనొప్పి వైద్య నిపుణుడు కె. రవిశంకర్, 1500 మంది భారతీయ రోగుల్లో 94 మందికి తలస్నానం మైగ్రేన్‌ను రేపుతున్నట్టు గమనించి, 2006లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రకటించారు. అప్పటిదాకా వైద్య సాహిత్యంలో చోటు దొరకని ఈ ప్రేరకాన్ని మన ఇళ్లలోని ఆడవారు తరతరాలుగా ఎరుగుదురు. జుట్టు పొడవుగా, ఒత్తుగా ఉండి, అది ఆరేలోపే పనిలో పడవలసివచ్చే వారు ఈ సంగతిని జాగ్రత్తగా గమనించాలి. తలకు పోసుకున్న రోజునే ఉపవాసం, సాంబ్రాణి పొగ, గుడికి ప్రయాణం కూడా ఉంటాయి గనుక వీటిలో దేని పాత్ర ఎంతో తేల్చాలంటే, ఏ వ్రతమూ లేని ఒక మామూలు రోజు మధ్యాహ్నం తలస్నానం చేసి, జుట్టు పూర్తిగా ఆరనిచ్చి చూడాలి. అప్పుడు నొప్పి రాకపోతే తలస్నానాన్ని కాక, దానితో కలిసివచ్చే మిగతావాటిని అనుమానించవచ్చు.

ఉపవాసం విషయంలో శాస్త్రానికి సందేహం తక్కువ. యూదులు ఇరవై అయిదు గంటల పాటు అన్నపానాలు మానే యోమ్ కిప్పూర్ నాడూ, ముస్లింల రంజాన్ మాసంలో మొదటి ఉపవాస దినానా తలనొప్పులు పెరుగుతాయని వైద్య పత్రికలు నమోదు చేశాయి. ఆకలితోపాటు నీళ్లు తగ్గడం, అలవాటైన చాయ్, కాఫీ ఒక్కసారిగా ఆగిపోవడం కూడా ఇందులో పాలుపంచుకుంటాయి. కెఫీన్ మానేసిన తరువాత పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల్లో మొదలయ్యే తలనొప్పి వేరే ఒక వైద్య నిర్ధారణే. మైగ్రేన్ ఉన్నవారు శివరాత్రి మానుకోవాలని దీని అర్థం కాదు, భక్తిని వదులుకోమని ఏ వైద్యుడూ చెప్పడు. మన ఆచారంలోనే పాలకూ పండ్లకూ చోటుంది. నాలుగు గంటలకొకసారి ఏదో ఒకటి తీసుకుంటూ, నీళ్లు విడవకుండా, ఉదయపు చాయ్‌ని వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ, తలస్నానం ముందురోజే ముగించుకుని, ఎండ ఎక్కకముందో పొద్దువాలాకో దర్శనం పెట్టుకుంటే, ఒక్కరోజు మీద పడవలసిన భారం చాలావరకు తగ్గుతుంది. ఉపవాసమని, నొప్పి రాకుండా రోజూ వేసుకునే నివారణ మందును కూడా మానేయడం చాలామంది చేసే పని, అది మాత్రం కూడదు. జాగారం చేసి తీరాలనుకునేవారు మర్నాడు పగలంతా పడుకోకుండా, ఒక గంటో రెండు గంటలో కునుకు తీసి రాత్రి వేళకే పడుకోవడం మంచిది, ఎందుకంటే నిద్ర తక్కువైనా, అలవాటుకు మించి ఎక్కువైనా మైగ్రేన్ మెదడుకు పడదు.

నిద్ర అనగానే శామీర్‌పేట, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ పరిశ్రమల్లోనూ, మేడ్చల్ పారిశ్రామికవాడలోనూ షిఫ్టుల్లో పనిచేసేవారిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వారం వారం షిఫ్టు మారే ఉద్యోగిలో నిద్రవేళా భోజనవేళా రెండూ కలిసి మారతాయి. షిఫ్టు మార్చుకోవడం చేతిలో లేనివారు, ఏ షిఫ్టులోనైనా లేచిన గంటలోపు ఏదైనా తినడం, పడుకునే గదికి మందపాటి తెరలు కట్టుకోవడం, సెలవు రోజున కూడా మరీ ఆలస్యంగా లేవకపోవడం అనే వాటినైనా పట్టుకోగలరు. వారమంతా ఒత్తిడిలో గడిచి, ఆదివారం పొద్దున హాయిగా ఉన్నప్పుడే నొప్పి రావడం వింతగా తోస్తుంది గానీ, ఒత్తిడి దిగిపోయే సమయం కూడా ప్రేరకమేనని పరిశీలనలు చెబుతున్నాయి.

ఎండా, వాసనలూ ఈ ప్రాంతపు మరో రెండు పెద్ద ప్రేరకాలు. టూవీలర్ మీద ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారుల వెంట మధ్యాహ్నం వేళ తిరిగేవారికీ, చేలల్లో పనిచేసేవారికీ ఎండతోపాటు నీళ్లు తగ్గడం, కళ్లు చికిలించడం కలిసివస్తాయి. అంచున్న టోపీ, ముదురు రంగు కళ్లద్దాలు, సీసాలో నీళ్లు చిన్నవిషయాలే అయినా పనిచేస్తాయి. వాసనల సంగతికి వస్తే, వంటింటి తాలింపు ఘాటు, అత్తరు, పెట్రోలు, రంగుల వాసనల వంటివి ఎవరికివారు కొంతవరకు తప్పించుకోగలిగినవి. హైదరాబాదు నగరపు చెత్త చేరే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దుర్గంధం దమ్మాయిగూడ, నాగారం వైపు కాలనీల మీదికి వీచినప్పుడు మాత్రం తప్పించుకునే దారి ఒక వ్యక్తి చేతిలో ఉండదు. అక్కడి మైగ్రేన్ రోగికి జీవనశైలి మార్చుకొమ్మని మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. ఆ గాలి బాగుపడడం కూడా ఆరోగ్య విషయమేనని గట్టిగా చెప్పాలి.

నెలసరికి రెండు రోజుల ముందు నుంచి, అది మొదలైన మూడో రోజు దాకా ఈస్ట్రోజెన్ హార్మోన్ పడిపోవడం వల్ల వచ్చే మైగ్రేన్ మరింత తీవ్రంగా, ఎక్కువసేపు ఉంటుంది. తేదీ ముందే తెలిసే ప్రేరకం ఇది గనుక, ఆ అయిదు రోజుల్లో మిగతా ప్రేరకాలను దగ్గరకు రానివ్వకుండా చూసుకోవచ్చు, వైద్యులు ఆ రోజులకే పరిమితమైన మందులు కూడా ఇవ్వగలరు. ఆరా ఉన్నవారు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. కుటుంబ నియంత్రణ కోసం వెళ్లినప్పుడు ఆరా సంగతి తప్పక చెప్పాలి.

డైరీ, దాని లెక్క

ప్రేరకాన్ని పట్టించే పనిముట్టు డైరీ ఒక్కటే. దానికి పిల్లల పాత నోటుబుక్కు చాలు, సెల్‌ఫోను అయినా సరే. తలనొప్పి వచ్చిన రోజుల్లో మాత్రమే రాసే డైరీ పనికిరాదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన మాట. పోల్చడానికి నొప్పి లేని రోజులు కూడా కాగితం మీద ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెండు నిమిషాల్లో ముగిసేలా, ఎన్నింటికి నిద్ర, ఎన్నింటికి మెలకువ, మూడు పూటలా భోజన వేళలు, ఎన్ని చాయ్‌లు, ఎండలో ఎంతసేపు, తలస్నానం చేశారా, నెలసరి ఎన్నో రోజు, ఆ రోజు మనసుకు ఏదైనా బరువైన సంగతి జరిగిందా అని రాసుకోవాలి. నొప్పి వస్తే అది మొదలైన వేళ, ముందు కనిపించిన గుర్తులు, పదికి ఎంత తీవ్రత, ఏ గోలీ ఎన్నింటికి వేసుకున్నారు, ఎంతసేపటికి తగ్గింది అన్నవి చేర్చాలి. కనీసం రెండు నెలలు, వీలైతే మూడు నెలలు.

ఆ తరువాత చేసే లెక్కను ఊహించిన ఒక ఉదాహరణతో చూడవచ్చు. వంకాయ తింటే తల పగిలిపోతుందని నమ్మే ఒక గృహిణి అరవై రోజుల డైరీలో నొప్పి వచ్చిన రోజులు పన్నెండు అనుకుందాం. వంకాయ తిన్న రోజులు ఇరవై, వాటిలో నొప్పి వచ్చినవి నాలుగు. తినని రోజులు నలభై, వాటిలో నొప్పి వచ్చినవి ఎనిమిది. రెండు చోట్లా అయిదింటికి ఒకటే వస్తోంది గనుక వంకాయ నిర్దోషి. అదే డైరీలో మధ్యాహ్న భోజనం మూడు దాటిన రోజులు పది, వాటిలో నొప్పి వచ్చినవి ఆరు. వేళకు తిన్న యాభై రోజుల్లో నొప్పి వచ్చినవీ ఆరే. ఒకవైపు సగానికి పైగా, మరోవైపు ఎనిమిదింటికి ఒకటి. ఆమె తన పళ్లెంలోని కూరను కాక, అందరికీ వడ్డించి చివరికి తాను తినే వేళను మార్చుకోవాలి. ఇలా బయటపడిన అనుమానాన్ని ఆ తరువాతి నెలలో పరీక్షించాలి; ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే ఏది మేలు చేసిందో తెలియదు గనుక, ఒక్క మార్పు చేసి మిగతావన్నీ యథాతథంగా ఉంచాలి.

లెక్క వేయకుండా దొరికిన ప్రతిదాన్నీ మానేసుకుంటూ పోయేవారి జీవితం క్రమంగా ఇరుకవుతుంది. పెళ్లిళ్లకు వెళ్లరు, బోనాలకు వెళ్లరు, పది రకాల కూరలు తినరు, అయినా నొప్పి పోదు. వెలుతురుకూ చప్పుడుకూ పూర్తిగా దూరంగా ఉంటే వాటికి ఓర్చుకునే శక్తి ఇంకా తగ్గుతుందని వాదించే మనస్తత్వ శాస్త్రజ్ఞులూ ఉన్నారు. అందుకని ఆకలి, నిద్రలేమి, నీళ్లు చాలకపోవడం వంటి ఒంటికి హాని చేసేవాటిని తప్పించుకోవాలి, చప్పుడూ జనసమ్మర్దమూ వంటి జీవితంలో భాగమైనవాటికి కొద్దికొద్దిగా అలవాటు పడాలి.

డైరీ బయటపెట్టే మరో నిజం గోలీల లెక్క. పారాసిటమాల్ వంటి మామూలు నొప్పి గోలీలను నెలకు పదిహేను రోజులు, కెఫీన్ కలిపిన మిశ్రమాలనూ ట్రిప్టాన్‌లనూ నెలకు పది రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే, ఆ మందే రోజువారీ తలనొప్పిని తెచ్చిపెడుతుంది. ట్రిప్టాన్‌లంటే సుమట్రిప్టాన్, రైజట్రిప్టాన్ వంటి మైగ్రేన్‌కే ప్రత్యేకమైన మందులు. గుండెజబ్బు ఉన్నవారికి ఇవి పనికిరావు. కిరాణా కొట్టులో విడిగా కొనే గోలీలకు ఎవరూ లెక్క రాయరు గనుక, ఏళ్ల తరబడి ఈ ఉచ్చులో ఉండి కూడా గుర్తించనివారు ఎందరో. నొప్పి గోలీని నొప్పి ముదిరాక కాక, మొదలైన వెంటనే, సరిపడా మోతాదులో, వారానికి రెండు రోజులకు మించకుండా వేసుకోవడం సరైన పద్ధతి.

కొన్ని తలనొప్పులకు డైరీతో పనిలేదు. క్షణాల్లో పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక వచ్చే నొప్పి, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలయ్యే నొప్పి, గర్భిణికి కొత్తగా వచ్చే తీవ్రమైన నొప్పి ఇలాంటివి. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి. హఠాత్తుగా వచ్చినవాటికి 108కు ఫోన్ చేయాలి.

ప్రేరకాలన్నిటినీ పట్టుకుని, జాగ్రత్తలన్నీ పాటించినా మైగ్రేన్ పూర్తిగా పోకపోవచ్చు. అది రోగి క్రమశిక్షణలో లోపం కాదు. కొన్ని విడతల నొప్పి ఏ ప్రేరకమూ లేకుండానే వస్తుంది. నెలకు నాలుగు రోజులకు మించి నొప్పి ఉంటున్నట్టు డైరీ చెబితే, రోజూ వేసుకునే నివారణ మందుల గురించి వైద్యుణ్ణి అడగాలి. ప్రొప్రనొలాల్, అమిట్రిప్టిలిన్, ఫ్లునారిజిన్, టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ వంటివి ఏళ్లుగా వాడుకలో ఉన్నవి. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనొలాల్, గర్భం దాల్చే అవకాశం ఉన్నవారికి టోపిరమేట్, వాల్‌ప్రొయేట్ తగవు గనుక ఏది ఎవరికి సరిపోతుందో నిర్ణయించవలసింది వైద్యుడే, పనిచేస్తున్నదో లేదో తేలడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినా, అక్కడి నుంచి గాంధీ ఆస్పత్రి, నిమ్స్ వంటి పెద్ద ఆస్పత్రుల నాడీవైద్య విభాగానికి వెళ్లినా, రోగికి వైద్యుడి ముందు దొరికే సమయం కొద్ది నిమిషాలే. ఆ కొద్ది నిమిషాల్లో ‘ఎప్పుడూ తల నొస్తది సార్’ అన్న మాట కంటే, మూడు నెలల తేదీలూ వేళలూ గోలీల లెక్కా ఉన్న నోటుబుక్కు ఎక్కువ చెబుతుంది. దాన్ని తప్పకుండా వెంట తీసుకువెళ్లండి.